తొమ్మిది రోజులు తక్కువ: కమ్యూనిటీ కాలేజీలో క్లాసు కోసం నా తిప్పలు

కాలేజీలో చేరుతున్నానని ఫోన్‌లో చెబితే మా అమ్మ అడిగిన మొదటి మాట, “ఏ కాలేజీ?” కమ్యూనిటీ కాలేజీ అన్నాను. ఆవిడకి ఎక్కలేదు. ఇక్కడ పాతరోజుల్లో వీటిని జూనియర్ కాలేజీలు అనేవాళ్ళులే అని నోరు జారాను. అంతే. “బీకాం ఫస్ట్ క్లాసులో పాసైనదానివి, ముప్ఫై నాలుగేళ్ళొచ్చాక మళ్ళీ ఇంటరేంటే?” అని పట్టుకుంది. ఇప్పటికీ మా పెద్దమ్మావాళ్ళ ఇంట్లో నేను అమెరికా వెళ్ళి ఇంటర్ చదువుతున్నాననే అనుకుంటున్నారు.

నిజానికి ఇక్కడి కమ్యూనిటీ కాలేజీ అంటే డిగ్రీలో మొదటి రెండేళ్ళ చదువు. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళెవరైనా చేరొచ్చు. ఎంట్రన్స్ లేదు, ర్యాంకు లేదు, డొనేషన్ లేదు. కాలిఫోర్నియాలో ఇలాంటివి 116 ఉన్నాయి, మొదటిది 1910లో ఫ్రెస్నోలో పెట్టారు. ఎవరైనా చేరొచ్చు అన్న ఆ ఒక్క ముక్క పట్టుకునే నేను బోల్తా పడ్డాను. కాలేజీలో చేరడం వేరు, క్లాసులో చేరడం వేరు. మొదటిది నాకు నాలుగు రోజుల్లో అయిపోయింది. రెండోదానికి ఎనిమిది నెలలు పట్టింది.

మాది హెచ్4, అంటే హెచ్1బీ వీసా మీద ఉద్యోగం చేసేవాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా. మా ఆయన ఉద్యోగం మారడంతో 2023 సెప్టెంబర్ 2న న్యూజెర్సీ నుంచి శాన్ హోసే ఎయిర్‌పోర్టులో దిగాం, శనివారం, లేబర్ డే సెలవుల మధ్యలో. ఈ తేదీ గుర్తుంచుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది. హెచ్4 మీద ఉన్నవాళ్ళు చదువుకోవడానికి వీసా మార్చుకోనక్కర్లేదు. ఒక్క క్లాసు తీసుకున్నా సరే, పూర్తిగా చదివినా సరే. స్టూడెంట్ వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 అనే కాగితం అవసరం లేదు. ఇది తెలియక ఎఫ్1కి, అంటే స్టూడెంట్ వీసాకి మారిపోయిన ఒకమ్మాయి నాకు తెలుసు. ఫీజు విషయంలో అదెంత దెబ్బో ముందుముందు మీకే తెలుస్తుంది.

మా పాప కిండర్‌గార్టెన్‌కి వెళ్ళాక, 2024 మేలో అప్లికేషన్ పెట్టాను. కాలేజీ పేరు చెప్పను, సౌత్ బేలో, అంటే శాన్ హోసే చుట్టుపక్కల ఒకటి. అప్లికేషన్ ఏ కాలేజీకైనా సీసీసీ అప్లై అనే ఒక్క చోటే. ముందు ఓపెన్‌సీసీసీ అని ఒక అకౌంటు తెరవాలి. పైసా ఖర్చు లేదు. పేరు దగ్గరే మొదటి ముడి. నా డిగ్రీ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో ఇంటిపేరు మొత్తం, న్యూజెర్సీ లైసెన్సులో మా ఆయన ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే కొట్టాను. సోషల్ సెక్యూరిటీ నంబర్ అడిగిన చోట లేదు అనే గడి టిక్ పెట్టాను. భయపడ్డాను గానీ ఏమీ కాలేదు.

అయింది మాత్రం ఇంకోటి. రెండు రోజులకి మెయిల్ వచ్చింది, మీ అప్లికేషన్ ఆపాం, ఫొటో ఐడీతో రండి లేదా జూమ్‌లో కనపడండి అని. నేనేం తప్పు చేశానా అని రాత్రంతా నిద్ర లేదు. వెళ్తే కౌంటర్ దగ్గర అమ్మాయి నవ్వి చెప్పింది. దొంగ పేర్లతో, కంప్యూటర్ ప్రోగ్రాములతో అప్లికేషన్లు పెట్టి, క్లాసుల్లో పేరు నమోదు చేయించి, స్టూడెంట్ల పేరున వచ్చే ప్రభుత్వ సాయం కొట్టేసే ముఠాలు ఉన్నాయట. ఘోస్ట్ స్టూడెంట్లు అంటారు. మా ఊళ్ళో దొంగ రేషన్ కార్డుల్లాంటివన్న మాట. అందుకని అనుమానం వస్తే మనిషిని చూస్తారు. పాస్‌పోర్టు చూపించాను, మర్నాటికి స్టూడెంట్ నంబరు వచ్చింది. దాంతోపాటు కాలేజీ వాళ్ళ ఈమెయిల్ ఐడీ ఒకటి ఇచ్చారు. నాకు జీమెయిల్ ఉందిగా అని దాన్ని పట్టించుకోలేదు. ఈ నిర్లక్ష్యానికి తర్వాత బాగానే వడ్డించారు.

ఇక ఫీజు. క్లాసుని యూనిట్లలో కొలుస్తారు, యూనిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు అనుకోండి. ఈ రాష్ట్రం వాళ్ళకి యూనిట్‌కి 46 డాలర్లు. 2012 వేసవి నుంచీ ఇదే రేటు. అసలు 1984 దాకా యూనిట్ ఫీజే లేదు, ఆ ఏడాది 5 డాలర్లతో మొదలుపెట్టారు. నేను అనుకున్నది ఫైనాన్షియల్ అకౌంటింగ్, 4 యూనిట్లు. అంటే 184 డాలర్లు. ఇంతేనా అని మురిసిపోయాను. పోర్టల్‌లో నా పేరు కింద మాత్రం ‘నాన్ రెసిడెంట్’ అని ఉంది. అప్పుడు లెక్క వేరు. ఆ 46కి తోడు యూనిట్‌కి మూడొందల డాలర్లకు పైనే అదనం. అదే క్లాసు పదిహేను వందల డాలర్ల దాకా వెళ్తుంది.

నేరుగా అడ్మిషన్స్ ఆఫీసుకి వెళ్ళాను. మేం ఇక్కడే ఉంటున్నాం, అద్దె కడుతున్నాం, పన్నులు కడుతున్నాం, నేను పరాయి రాష్ట్రం దాన్ని ఎలా అవుతాను అని. అక్కడ కూర్చున్న పెద్దావిడ చాలా ఓపికగా ఒక కాగితం మీద రాసి చూపించింది. ఫాల్ సెమిస్టర్ మొదలయ్యేది 2024 ఆగస్టు 26. దానికి ముందు రోజు, అంటే ఆగస్టు 25, వాళ్ళ లెక్కకి గీత. ఆ గీతకి ముందు నిండా ఒక ఏడాది, ఒక రోజు కాలిఫోర్నియాలో ఉండాలి. నేను దిగింది సెప్టెంబర్ 2. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే తొమ్మిది రోజులు తక్కువ!

తొమ్మిది రోజులే కదండీ, కాస్త చూడండి అని బతిమాలాను. ఇంటర్ ఫీజు కట్టడానికి గడువు దాటితే మా నాన్న ప్రిన్సిపాల్ గారి గది ముందు నిలబడి ఎలా పని అయ్యేట్టు చేసేవాడో, ఆ గొంతే నాకూ వచ్చేసింది. ఆవిడ నొచ్చుకోలేదు, మెత్తబడలేదు. ఆ తర్వాత చెప్పిన మాట మాత్రం తొమ్మిది రోజుల కంటే గట్టిగా తగిలింది. ఉండటం ఒక్కటే చాలదు, ఇక్కడే స్థిరపడాలన్న ఉద్దేశం కూడా ఏడాదిగా కనపడాలి. ఉద్దేశం ఎలా కనపడుతుంది? కాగితాల్లో. ఈ రాష్ట్రం డ్రైవింగ్ లైసెన్సు, ఇక్కడి పన్ను రిటర్ను, అద్దె ఒప్పందంలో పేరు, బ్యాంకు అకౌంటు. నా లైసెన్సు తేదీ చూస్తే నవంబర్. కాలిఫోర్నియాకి మకాం మార్చినవాళ్ళు 10 రోజుల్లో ఇక్కడి లైసెన్సు తీసుకోవాలని రూలు. న్యూజెర్సీది ఇంకా నడుస్తోంది కదా అని నేను రెండు నెలలు నాన్చాను. అద్దె ఒప్పందంలో సంతకం మా ఆయనది ఒక్కడిదే. కరెంటు బిల్లు ఆయన పేరు మీద. ఫోన్ ఫ్యామిలీ ప్లాన్, అదీ ఆయన పేరే. ఆ పూట కాగితాలన్నీ ముందేసుకుని చూస్తే, ఈ రాష్ట్రంలో నేనున్నట్టు రుజువు నా లైసెన్సు, పన్ను రిటర్నులో రెండో పేరు, సరుకులు కొనే కాస్ట్‌కో దుకాణం కార్డు. కాస్ట్‌కో కార్డు చెల్లదు.

ఆ రాత్రి మా ఆయనతో కాస్త గొడవైంది. “నా పేరు ఎక్కడా లేదేంటండీ?” అంటే, “ఎవరి పేరైతే ఏంటి, ఇల్లు మనదేగా” అన్నాడు. మర్నాడు లీజింగ్ ఆఫీసుకి వెళ్ళి ఒప్పందంలో నా పేరు చేర్పించాం, ఇంటర్నెట్ బిల్లు నా పేరు మీదకి మార్చాం. ఇది చదివే హెచ్4 చెల్లెళ్ళకి నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. కాలేజీ ఆలోచన ఉన్నా లేకపోయినా, దిగిన వారంలోనే నాలుగు కాగితాల మీద మీ పేరు పడేట్టు చూసుకోండి.

ఇంతకీ అసలు హెచ్4 వాళ్ళకి రెసిడెంట్ ఫీజు ఇస్తారా అని చాలామందికి అనుమానం. ఇస్తారు. హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎల్2 లాంటి వీసాల వాళ్ళు ఇక్కడ నివాసం ఏర్పరచుకోకూడదన్న అడ్డు లేదు. ఎఫ్1, టూరిస్టు వీసా బీ2 వాళ్ళకి ఉంది. అందుకే పైన ఎఫ్1కి మారిన అమ్మాయి సంగతి చెప్పాను. ఎన్నేళ్ళు ఇక్కడే ఉన్నా, ఎఫ్1 మీద ఉన్నంతకాలం ఆ అదనపు ఫీజు కట్టాల్సిందే.

ఫాల్ పోయింది. స్ప్రింగ్ సెమిస్టర్ 2025 జనవరి 27న మొదలు. గీత జనవరి 26. నా లైసెన్సు నవంబర్‌ది కాబట్టి ఏడాది దాటేసింది. అయినా పోర్టల్‌లో నాన్ రెసిడెంట్ అనే ఉంది. ఏడాది నిండగానే కంప్యూటర్ తనంతట తనే మార్చేస్తుందనుకున్నాను. మార్చదు. మళ్ళీ మనమే ఫారం నింపి, కాగితాలు జతచేసి అడగాలి. వీసా కాగితం, లైసెన్సు, 2023 పన్ను రిటర్ను ఇచ్చాను. ఆ ఏడాది రెండు రాష్ట్రాల్లో ఉన్నాం కాబట్టి మాది 540 ఎన్‌ఆర్ అనే ఫారం, ఆ పేరు చూసి మళ్ళీ ఏం తిరకాసు పెడతారో అని గుండె దడ. పెట్టలేదు. పది రోజులకి ‘రెసిడెంట్’ అని మారింది. ఆ అక్షరాలు స్క్రీన్‌షాట్ తీసి మా ఆయనకి పంపాను. “కంగ్రాట్స్, ఇప్పుడు గ్రీన్ కార్డ్ ఒక్కటే తక్కువ” అని జవాబు.

అసలు రిజిస్ట్రేషన్ అప్పుడు మొదలైంది.

ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ర్యాంకుని బట్టి పిలుస్తారు కదా, ఇక్కడ ర్యాంకు బదులు వరస. సైన్యంలో ఉన్నవాళ్ళు, మాజీ సైనికులు, ఫోస్టర్ కేర్‌లో, అంటే ప్రభుత్వ సంరక్షణలో పెరిగిన పిల్లలు, వైకల్యం ఉన్నవాళ్ళు, సాయం పొందే కొన్ని పథకాల్లో ఉన్నవాళ్ళు ముందు. తర్వాత ఇప్పటికే చదువుతూ మార్కులు సరిగ్గా ఉన్నవాళ్ళు, ఆపైన ఓరియెంటేషన్ (కాలేజీ పరిచయ పాఠం), ఎడ్యుకేషన్ ప్లాన్ (ఏ క్లాసులు ఎప్పుడు చదవాలో రాసుకునే పట్టిక) పూర్తిచేసిన కొత్తవాళ్ళు. అవి చెయ్యనివాళ్ళు అందరికంటే చివర. ఏళ్ళ తరబడి చదువుతూ 100 యూనిట్లు దాటించేసినవాళ్ళకీ, వరసగా రెండు సెమిస్టర్లు మార్కులు పడిపోయినవాళ్ళకీ ముందు వరస పోతుంది. ఎవరికి వాళ్ళకి ఒక తేదీ, ఒక సమయం ఇస్తారు. ఆ నిమిషం కంటే ముందు ఎంత నొక్కినా తలుపు తెరుచుకోదు.

మా పక్క బిల్డింగులో వరంగల్ అక్క ఒకావిడ ఉంటుంది. ఆమె “నీకు డిగ్రీ ఉంది కదనే, ఓరియెంటేషన్ అవసరం లేదని టిక్ పెట్టు, గంట టైమ్ మిగుల్తది” అంది. ఆ టిక్ పెట్టినందుకే ఆమెకి పోయినసారి చివరి వరస వచ్చిందని ఆమెకే తెలియదు. మినహాయింపు ఉంటుంది, ముందు వరస మాత్రం ఉండదు. కౌన్సెలర్ చెప్పాక ఇద్దరం కూర్చుని ఆ ఆన్‌లైన్ ఓరియెంటేషన్ చేశాం. ఒక్కొక్కరికి గంట కూడా పట్టలేదు.

కౌన్సెలర్ దగ్గర ఇంకో సంగతి తేలింది. నా బీకాం చూపించి ఈ మొదటి అకౌంటింగ్ క్లాసు తప్పించుకోవచ్చా అని అడిగాను. తప్పించుకోవచ్చు, కానీ ఇండియా మార్కుల జాబితాని ఇక్కడి గుర్తింపు పొందిన ఏజెన్సీతో సబ్జెక్టు వారీగా మదింపు చేయించాలి. దానికి మా యూనివర్సిటీ నుంచి సీలు వేసిన ట్రాన్స్‌క్రిప్ట్ రావాలి. మా తమ్ముడు నాకోసం ఆ యూనివర్సిటీకి రెండుసార్లు వెళ్ళి వచ్చి, “అక్కా, నువ్వు ఆ క్లాసే చదువుకో, నీ కాళ్ళు మొక్కుతా” అన్నాడు. లెక్క వేస్తే ఏజెన్సీ ఖర్చు, కొరియర్ ఖర్చు కలిపి ఆ 184 డాలర్లకి దగ్గరదగ్గరగా వచ్చింది. పైగా పన్నెండేళ్ళ కిందటి డెబిట్, క్రెడిట్ నాకేం గుర్తున్నాయి గనక. చదవడమే నయం అనిపించింది. లెక్కలూ, ఇంగ్లీషూ ఏ స్థాయిలో చేరాలన్నదానికి మాత్రం ఏ కాగితమూ అడగలేదు. ఒకప్పుడు దానికి పరీక్ష పెట్టేవాళ్ళట. 2017లో వచ్చిన ఏబీ 705 అనే చట్టంతో ఆ పరీక్షలు దాదాపు పోయాయి. హైస్కూలు మార్కులు చూస్తారు, మనలాంటి బయటి దేశం వాళ్ళయితే కొన్ని ప్రశ్నలకి జవాబు చెప్పుకుని మనమే తేల్చుకోవచ్చు.

నా తేదీ డిసెంబర్ 5, గురువారం, ఉదయం 9:40. తత్కాల్ టికెట్ కోసం పది గంటలకి కూర్చున్న అనుభవం ఎక్కడికి పోతుంది? 9:30కే ల్యాప్‌టాప్ ముందున్నాను. మంగళ, గురువారాల ఉదయం క్లాసు, పాప స్కూల్లో ఉండే సమయం. దాని ఐదంకెల నంబరు చేతి మీద రాసుకున్నాను. 9:41కి నొక్కితే ‘క్లాసు నిండింది, వెయిట్‌లిస్టులో చేరతారా?’ అంది. మిగతా వరసల వాళ్ళు నవంబర్‌లోనే నింపేశారన్న మాట. చేరాను. వెయిట్‌లిస్ట్ 4. రైలు భాషలో చెప్పాలంటే డబ్ల్యూఎల్ 4, కన్ఫర్మ్ అయిపోద్దిలే అని మా ఆయన ధీమా.

కన్ఫర్మ్ అయింది కూడా. నాకే తెలియలేదు. మా కాలేజీలో సీటు ఖాళీ అయితే వరసలో ఉన్నవాళ్ళకి మెయిల్ పంపుతారు. 24 గంటల్లో మనమే వెళ్ళి చేరాలి. చేరకపోతే లిస్టులోంచి తీసేసి పక్కవాళ్ళకి ఇస్తారు. వేరే కాలేజీల్లో తనంతట తనే చేర్చేసే పద్ధతి కూడా ఉంది, ఎక్కడికక్కడ రూలు వేరు. మెయిల్ జనవరి 14న, సంక్రాంతి రోజు వచ్చింది. నేను అరిసెల పాకం చూస్తున్నాను. చూసుకుని ఉంటే మాత్రం ఏం చేసేదాన్ని, అది వచ్చింది నేను తెరవని కాలేజీ మెయిల్‌కి. కనుమ దాటాక తెరిచి చూస్తే సీటు వచ్చిందని ఒక మెయిల్, పోయిందని ఇంకో మెయిల్. రెండూ ఒకదాని కింద ఒకటి. వెయిట్‌లిస్టులో నా పేరే లేదు.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆఫీసుకి ఫోన్ చేస్తే, మొదటిరోజు క్లాసుకి వెళ్ళండి, ప్రొఫెసర్ యాడ్ కోడ్, అంటే నిండిన క్లాసులో చేరనిచ్చే నంబరు ఇస్తే చేరొచ్చు అన్నారు. వెళ్ళడానికి అనుమతి కావాలా అంటే, తలుపు తీసే ఉంటుంది అన్నారు.

జనవరి 28 మంగళవారం. వాన. వెనక వరసలో గోడకి ఆనుకుని నాలాంటివాళ్ళం తొమ్మిదిమంది నిలబడ్డాం. ప్రొఫెసర్ హాజరు పిలిచారు. పేరుండి రానివాళ్ళు ఐదుగురు. మొదటిరోజు రాకుండా, మెయిల్ కూడా పెట్టకుండా ఉంటే వాళ్ళ పేరు కొట్టేస్తామని ముందే సిలబస్‌లో రాసి ఉంది. ఆన్‌లైన్ క్లాసుల్లోనైతే మొదటి వారంలో ఏదో ఒకటి రాసి పోస్టు చెయ్యకపోతే ఇదే గతి, ఊరికే లాగిన్ అయితే చాలదు. ఐదు సీట్లు. వెయిట్‌లిస్టులో ఉండి వచ్చినవాళ్ళు ముగ్గురు, ముందు వాళ్ళకి ఇచ్చారు. మిగిలిన రెంటికి ఆరుగురం. నేను నా కథ మొదలుపెట్టబోయాను, సంక్రాంతి, అరిసెలు, మెయిలు. ఆయన చెయ్యెత్తి ఆపి, “కథలన్నీ మంచివే. చీటీలు వేద్దాం” అన్నారు. ఒక కాగితం ఆరు ముక్కలు చేసి ఆయన బేస్‌బాల్ టోపీలో వేశారు. నా పేరు రెండో చీటీలో వచ్చింది. పలకడం ఆయనకి చేతకాలేదు, వంగి అక్షరాలు చూసి నేనే చెయ్యెత్తాను.

చేతిలో ఆరంకెల కోడ్ పెట్టారు. మన దగ్గరైతే సారు పేరు రాసుకున్నాడంటే చేరినట్టే. ఇక్కడ కోడ్ చేతిలో ఉన్నా చేరినట్టు కాదు. పోర్టల్‌లో నేనే కొట్టాలి, దానికి ఆఖరి తేదీ ఉంది, అది దాటితే ప్రొఫెసర్ కూడా ఏం చెయ్యలేరు. నాతోపాటు చీటీ తగిలిన కుర్రాడు రెండు వారాలు క్లాసుకి వచ్చి కూర్చున్నాడు, హోంవర్కులు కూడా చేశాడు. కోడ్ మాత్రం కొట్టలేదు. మూడో వారం నుంచి కనపడలేదు. నేను మాత్రం పార్కింగ్ లాట్‌లో కారులోనే, వాన చప్పుడులో, ఫోన్‌లో కోడ్ కొట్టి, అక్కడే డబ్బు కూడా కట్టేశాను. 184కి తోడు హెల్త్ ఫీజు పాతిక డాలర్లకి అటూ ఇటూ, స్టూడెంట్ ప్రతినిధుల ఫీజు 2 డాలర్లు. ఆ రెండు డాలర్లు వద్దంటే తీసేస్తారు, నేను ఉంచేశాను. డబ్బు గడువులోగా కట్టకపోతే క్లాసులోంచి తీసేస్తారన్న భయం అప్పటికే నరనరాన ఎక్కింది.

క్లాసు గురించి చెప్పాలంటే వేరే రాయాలి. యూనిట్ అంటే ఏమిటో మాత్రం మొదటి నెలలో తెలిసొచ్చింది. ఒక యూనిట్‌కి వారానికి ఒక గంట క్లాసు, ఇంటి దగ్గర రెండు గంటల చదువు అని లెక్క. నాలుగు యూనిట్లంటే పన్నెండు గంటలు. అమ్మ అన్న ఇంటర్ కంటే కష్టంగానే ఉంది. చివరికి ‘ఏ’ (A) గ్రేడు వచ్చింది.

గ్రేడు వచ్చిన పొగరు ఒకటుంటుంది కదా. 2025 ఫాల్‌లో అది దిగింది. ఆ సెమిస్టర్‌కి ఇంగ్లీషు తీసుకున్నాను. అన్నట్టు, ఇన్నాళ్ళూ ఇంగ్లీష్ 1ఏ అని ఒక చోట, ఇంకో పేరుతో ఇంకో చోట ఉన్న ఆ క్లాసుని ఆ ఫాల్ నుంచి రాష్ట్రమంతా ఇంగ్లీష్ సీ 1000 అని ఒకే నంబరు చేశారు. పాత నంబరుతో వెతికి, క్లాసే తీసేశారనుకుని కంగారుపడిన వరంగల్ అక్కని ఓదార్చడానికి నాకో సాయంత్రం పట్టింది. దాంతోపాటు అక్టోబర్ 20న మొదలయ్యే ఎనిమిది వారాల ఆన్‌లైన్ కంప్యూటర్ క్లాసు ఒకటి, 3 యూనిట్లు. ఎక్సెల్ గట్రా. సెమిస్టర్ మధ్యలో మొదలయ్యే ఈ పొట్టి క్లాసుల్లో సీట్లు సులువుగా దొరుకుతాయి. అలా దొరికితే ఎగబడి తీసుకున్నాను.

మొదటి వారంలోనే అర్థమైంది, ఇంగ్లీషు వ్యాసాలతో ఇది కుదరదని. ఏం ఫర్వాలేదు, రెండు వారాల్లోగా వదిలేస్తే డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది, అకౌంటింగ్ సిలబస్‌లో చదివాను అనుకున్నాను. అక్టోబర్ 28న, తొమ్మిదో రోజు, నింపాదిగా వదిలేశాను. రికార్డులో మచ్చ పడలేదు, డబ్ల్యూ (మధ్యలో వదిలేశారని గ్రేడు బదులు వేసే విత్‌డ్రా గుర్తు) రాలేదు. డబ్బూ రాలేదు. రెండు వారాలన్నది సెమిస్టర్ మొత్తం నడిచే క్లాసులకి. పొట్టి క్లాసులకి నిడివిలో 10 శాతం. ఎనిమిది వారాల్లో పది శాతమంటే ఐదారు రోజులు. 138 డాలర్లు గోవిందా. ఇంకో రెండు మూడు రోజులు నాన్చి 20 శాతం దాటించి ఉంటే, డబ్ల్యూ కూడా పడేది. ఏ క్లాసుకి ఆ క్లాసు పక్కన మూడు తేదీలు చిన్న అక్షరాల్లో రాసే ఉంటాయి. డబ్బు తిరిగొచ్చే ఆఖరి రోజు, డబ్ల్యూ లేకుండా వదిలే ఆఖరి రోజు, డబ్ల్యూతో వదిలే ఆఖరి రోజు. నేను చూడలేదు, అంతే.

డబ్ల్యూ పడితే ఏమవుతుంది అంటే, గ్రేడు సగటులో లెక్కలోకి రాదు. ప్రయత్నంగా మాత్రం లెక్కలోకి వస్తుంది. ఒకే క్లాసుని ఫెయిలవడం, డబ్ల్యూ అన్నీ కలిపి మూడుసార్లే. నాలుగోసారి అనుమతి అడుక్కోవాలి. ఇంకోటి, వెళ్ళడం మానేస్తే ప్రొఫెసరే తీసేస్తారులే అని కూర్చోకూడదు. తీస్తే తియ్యొచ్చు, తియ్యకపోతే చివర ఎఫ్ పడుతుంది. వదలాల్సిన బాధ్యత మనదే.

ఆ 138 డాలర్ల సంగతి మా ఆయనకి పదిరోజులు చెప్పలేదు. చెప్పాక ఏమీ అనలేదు, గూగుల్ క్యాలెండర్ తెరిచి, ఇద్దరికీ కనపడేట్టు నా తేదీలన్నీ ఎర్ర రంగులో పెట్టాడు. పాప పుట్టినరోజు పక్కనే ‘వాపసు ఆఖరి రోజు’ అని ఉంటుంది.

2026 స్ప్రింగ్‌కి నేను పాత స్టూడెంట్‌ని. నవంబర్‌లోనే పిలుపు వచ్చింది. మేనేజీరియల్ అకౌంటింగ్, మొదటి అకౌంటింగ్‌లో ‘సీ’ గ్రేడు అయినా వచ్చి ఉండాలని రూలు, నాకు ‘ఏ’ ఉంది. నొక్కిన నిమిషంలో సీటు దొరికింది. కాలేజీ మెయిల్ ఇప్పుడు ఫోన్‌లో వాట్సాప్ పక్కనే ఉంది.

మొన్న శనివారం గుడిలో పులిహోర తింటుంటే ఒకమ్మాయి వచ్చింది. కొత్తగా పెళ్ళయి, టెక్సాస్ నుంచి వచ్చారట. “అక్కా, మీరు కమ్యూనిటీ కాలేజీలో చదువుతున్నారట కదా. ఏ క్లాసు తీసుకుంటే బాగుంటుంది?” అంది.

“కాలిఫోర్నియాకి ఎప్పుడు వచ్చావమ్మా? తేదీ?”

ఆ అమ్మాయి కాస్త తడబడింది. “పోయిన నెల అక్కా. పదకొండో, పన్నెండో.”

“లైసెన్సు మార్చుకున్నావా?”

“టెక్సాస్‌ది ఉంది కదా అక్కా, 2028 దాకా చెల్లుతుంది.”

ఆకు ప్లేటు పక్కన పెట్టి ఫోన్ తీశాను. లైసెన్సులు ఇచ్చే డీఎంవీ ఆఫీసులో అపాయింట్‌మెంట్ సోమవారం ఉదయం 8:20కి ఒకటి ఖాళీగా కనపడింది. “నీ పేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం అక్షరం చెప్పు” అన్నాను.